లోపలి గాలి

ఆవాసం,
కొత్తగూడెం–భద్రాచలం దారి,
జూన్ 22.

మామయ్యకు,

తలుపు మూసి నేటికి పదిహేను రోజులు. మన పొత్తుగూడెం నుంచి చూస్తే నేను యాభై కిలోమీటర్ల లోపే ఉన్నాను. ఇక్కడి లెక్కలో మాత్రం భూమి మీదే లేను. రేపెప్పుడో చంద్రుడి మీద ఇల్లు కడితే అందులో మనుషులు ఎలా బతకాలో తెలుసుకోవడానికి కట్టిన ఇల్లు ఇది. గాలి చొరబడని పెద్ద అద్దాల గదిలో తోట, దాని పక్కన నాలుగు పడక గదులు, ఒక వంటిల్లు. నూట ఇరవై రోజుల పాటు బయటి గాలి గానీ నీళ్ళు గానీ తిండి గానీ లోపలికి రావు. మేం వదిలిన ఊపిరిని మొక్కలు పీల్చుకోవాలి, మొక్కలు వదిలింది మేం పీల్చుకోవాలి. మేం వాడిన నీళ్ళే శుద్ధి అయి మళ్ళీ గ్లాసులోకి వస్తాయి. ముఖం చిట్లించకు, రుచి బాగానే ఉంది.

మాలో పెద్ద జైరాం గారు, నౌకాదళంలో పనిచేసి వచ్చారు. దీపిక డాక్టరు. రాజు యంత్రాలు చూస్తాడు. మొక్కలూ గాలీ నావి. నలుగురి ఊపిరీ నా చేతిలో ఉందన్న మాట. గర్వంగానే ఉంది, దాచుకోను.

ఇక్కడ ఫోను లేదు. ఉత్తరాలు ఇచ్చి పుచ్చుకోవడానికి పళ్ళెమంత కిటికీ ఒకటి ఉంది. దానికి లోపలొక తలుపు, బయటొక తలుపు. రెండూ ఒకేసారి తెరవకూడదు. ఇంటి అవతలి చివర అలాంటిదే ఇంకొకటి ఉంది, నీళ్ళ నమూనాలు పంపడానికి. వారానికోసారి ఉత్తరాలు వస్తాయి. ఈ ప్రయోగం నడిపే కేంద్రం వాళ్ళు విప్పరు, తూచి ఇస్తారు. నీ ఉత్తరం ఎన్ని గ్రాములుంటే మేం అన్ని గ్రాముల కాగితం బయటికి పంపాలి. కాబట్టి నువ్వు నాలుగు పేజీలు రాస్తే నేనూ నాలుగు రాయక తప్పదు.

పొత్తుగూడెం నుంచి తెచ్చిన మట్టిలో ముందే వేసిన గోంగూర మోకాలెత్తు లేచింది. రాజు కృష్ణా జిల్లా వాడు. గోంగూర తమ సొత్తనుకునేవాడు, ఇప్పుడు నోరు మెదపడం లేదు.

నీ
శోభారాణి


పొత్తుగూడెం,
ఏన్కూరు మండలం,
జూన్ 28.

శోభకు మామ ఆశీస్సులు.

నీ ఉత్తరం వంటశాలలో అందరి ముందూ చదివాను. వాడిన నీళ్ళు తాగడం అనగానే సగం మంది లేచిపోయారు. పొయ్యి దగ్గరున్న పున్నమ్మ మాత్రం, "ఇందులో కొత్తేముంది? మనం ఎనిమిదేళ్ళుగా చేస్తున్న పనేగా. వాళ్ళకి అద్దాలున్నాయి, మనకి లేవు, అంతే" అంది.

ఆమె మాట మీ జైరాం గారికి చెప్పు. ఇల్లందు బొగ్గు గనుల్లో చేసి దిగిపోయిన ఏడు కుటుంబాలు, సత్తుపల్లి వైపు నుంచి వచ్చిన రెండు రైతు కుటుంబాలు కలిసి పన్నెండెకరాలు కొనుక్కుని ఒకే వంట, ఒకే బోరు పెట్టుకుని బతుకుతున్నామని చెప్పు. మమ్మల్ని చూడ్డానికి ఎవరూ శాస్త్రవేత్తల్ని పంపలేదు గానీ, కష్టం అదే.

ఈ వేసవిలో బోరు సన్నగిల్లింది. సొంతంగా ఇంకో బోరు వేసుకుంటామని రెండిళ్ళవాళ్ళు పట్టుబట్టారు. సభలో బొజ్జయ్య లేచాడు. మా ఊళ్ళో నీళ్ళ వంతులు చూసేది అతనే కదా. ఎడమ చేయి పట్టు తప్పిన మనిషి, కుడి చేయి ఒక్కటే ఎత్తి, "బోరు రెండైతే ఊరు రెండైతది" అన్నాడు. అతని మాట నెగ్గింది. ఇప్పుడు గిన్నెలు కడిగిన నీళ్ళు కాయగూరలకు, అక్కడ మిగిలినవి పశువుల పాక కడగడానికి.

బొజ్జయ్య నిన్ను అడగమన్నాడు: "పిల్లకు లోపట ఊపిరి మంచిగ ఆడుతున్నదా?" అతనికి ఎప్పుడూ అదే ధ్యాస.

మామ


ఆవాసం,
జూలై 13.

మామయ్యకు,

వర్షాలు మొదలయ్యాయి. అద్దాల మీద నీళ్ళు జారుతుంటే అందంగా ఉంటుంది గానీ, ఆకులకు ఎండ కావాలి. ఎండ లేకపోతే అవి మా ఊపిరిని తీసుకోవు. మా గోడ మీద ఒక అంకె వెలుగుతూ ఉంటుంది. పది లక్షల పాళ్ళ గాలిలో మేం వదిలిన బొగ్గుపులుసు వాయువు ఎన్ని పాళ్ళుందో చెప్పే అంకె అది. బయట మీ దగ్గర నాలుగు వందల పైన ఉంటుంది. మా దగ్గర రెండు వేలుంటే సుఖం. ఐదు వేలు దాటితే జాగ్రత్త పడాలి. మొన్నటికి నాలుగు వేల ఏడు వందలు.

కంగారేమీ లేదు. నేను వేసుకున్న అంచనాలో ఇంత పెరుగుదల ఉన్నదే. దీపికకు కాస్త తలనొప్పిగా ఉంటోంది. ఆమెకు మామూలుగానే వస్తుందట.

బొజ్జయ్య పెదనాన్నకు ఊపిరి బాగానే ఆడుతోందని చెప్పు.

శోభ


పొత్తుగూడెం,
జూలై 17.

బిడ్డా,

నీ అంకెలు నాకు అంతగా తెలియవు. ముప్పై ఒక్క సంవత్సరాలు గని లోపల గాలి చూసినవాణ్ణి కాబట్టి ఒక్క మాట చెబుతాను. గాలి చెడిందంటే మేం ముందు అడిగే ప్రశ్న, ఇక్కడ మనుషులు కాక ఇంకేం ఊపిరి పీలుస్తోంది అని. గనిలో పాత కట్టె పీలుస్తుంది. రాలిన బొగ్గు పొడి పీలుస్తుంది. ఎవరూ లేని సొరంగం గల్లీలో కూడా గాలి చెడేది అందుకే. మీరు నలుగురే పీలుస్తున్నారా? సరిగ్గా చూడు.

ఇంకో మాట. తలనొప్పి "మామూలుగానే" రాదు. అలా చెప్పే కూలీని నేను వెంటనే పైకి పంపేవాణ్ణి.

మామ


ఆవాసం,
జూలై 27.

మామయ్యకు,

శుభవార్త. అంకె దిగింది. ఐదు వేల ఆరు వందల దాకా పోయి అందరి గుండెలూ ఆగేంత పనైంది. వారం తిరిగేసరికి మూడు వేల తొమ్మిది వందలు. దీపిక తలనొప్పి పోయింది, ఉదయం వంటింట్లో పాట కూడా పాడింది.

కేంద్రం నుంచి మెచ్చుకుంటూ సందేశం వచ్చింది. చిలగడదుంప తీగలను పైకి పాకించి ఆకుల విస్తీర్ణం పెంచాను. దాని ఫలితమే ఇదని వాళ్ళు నమ్ముతున్నారు. మా పద్ధతిని మిగతా చోట్ల కూడా పెడతారట. జైరాం గారు ఎవర్నీ ఊరికే పొగిడే మనిషి కాదు. ఆయన కూడా నా భుజం తట్టారు.

నువ్వు చెప్పినట్టు చూశాను. ఇక్కడ మేం నలుగురమే పీలుస్తున్నాం.

ఊళ్ళో అందరినీ అడిగానని చెప్పు. బోరు సంగతి రాయి.

శోభ


పొత్తుగూడెం,
ఆగస్టు 4.

బిడ్డా,

ఈ ఉత్తరం వంటశాలలో చదివి వినిపించేది కాదు, నువ్వూ ఒంటరిగా చదువు.

జూలై పద్దెనిమిది నుంచి ఇరవై ఏడు దాకా ఇక్కడ ఎండ లేదు. మా సౌర పలకలు సగం కూడా పని చేయక పున్నమ్మ కట్టెల పొయ్యి వెలిగించింది. ఇరవై మూడున ఎరువుల కోసం కొత్తగూడెం వచ్చాను, దారంతా అదే మబ్బు. గోదావరి భద్రాచలం దగ్గర హెచ్చరిక మట్టం దాటిన వారం అది. ఆకుకు ఎండ కావాలని నువ్వే రాశావు. ఎండ లేకుండా ఆ వారమే మీ గాలి బాగుపడిందని కూడా నువ్వే రాశావు.

నేనేమీ అడగను. నా సంగతి ఒకటి చెబుతాను.

ఇరవై ఎనిమిదేళ్ళ కిందట, వానాకాలం. నేను గ్యాసు చూసే సర్దారుని. షిఫ్టు మొదలయ్యే ముందు ప్రతి గల్లీలోకీ పోయి, దీపం పెట్టి, గాలి బాగుందా లేదా చూసి పలక మీద రాయాలి. ఒక పక్క గల్లీలో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. చల్లటి నీళ్ళు. రెండు వారాలుగా అక్కడ ఎవరూ పని చేయడం లేదు. నేను లోపలికి పోలేదు. మొగదల నిలబడి "గాలి సరి" అని రాసి సంతకం చేశాను.

ఆ మధ్యాహ్నం పాత పైపులు తీసుకురావడానికి బొజ్జయ్య అందులోకి పోయాడు. గాలి అందక పడిపోయిన మనిషిని ఇరవై నిమిషాల తర్వాత బయటికి లాగారు. బతికాడు. ఎడమ చేయి మళ్ళీ సరిగ్గా రాలేదు. గని పైన దీపాల గదిలో పని ఇచ్చారు.

అతన్ని బయటికి తెచ్చే గొడవలో నేను పలక మీది రాత తుడిచేశాను. విచారణలో నన్ను అడిగారు. గల్లీ మూసి ఉందని, అతనే కట్టె అడ్డం దాటి పోయి ఉంటాడని చెప్పాను. బొజ్జయ్యకు ఆ రోజు సంగతి సరిగ్గా గుర్తు లేదు. చెప్పిన మాట వినని మనిషి అని అతని కాగితాల్లో రాశారు. అది అతనితోనే ఉండిపోయింది.

మొదటి అబద్ధం చల్లటి నీళ్ళకు భయపడి రాశాను. అది చిన్నది. దాన్ని కాపాడుకోవడానికి చెప్పింది పెద్దది. ఆ తర్వాత ఏమీ చేయలేదు, ఏమీ చేయకుండా ఇరవై ఎనిమిదేళ్ళు గడిచాయి.

మీ అంకెను నమ్మి రేపు ఎవరైనా తలుపు మూసుకుంటారు.

మామ


ఆవాసం,
ఆగస్టు 10.

మామయ్యా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది, నీ మీద. రెండోసారి సిగ్గేసింది. ఇప్పుడు రెండూ ఉన్నాయి.

నిజం రాస్తున్నాను. జూలై ఇరవై నుంచి నాలుగు రోజులు, మధ్యాహ్నం మిగతావాళ్ళు పడుకున్న వేళ, ఇంటికి రెండు చివర్లా ఉన్న కిటికీల రెండేసి తలుపులూ తెరిచి ఫ్యాను పెట్టాను. రోజుకు గంటన్నర. అడవి గాలి వచ్చింది. తడి ఆకు వాసన. మొదటి రోజు ఏడుపొచ్చింది, అంత బాగుంది. ఆ కిటికీలకు యంత్రం లెక్క లేదు, చేతిరాత పుస్తకమే. అందులో నేను రాయలేదు.

దీపిక కోసమే చేశానని నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. మిగతా సగం ఇది: తలుపు మూయకముందు ప్రణాళికలో ఉన్నదానికి రెండింతల పశువుల ఎరువు మట్టిలో కలిపాను. మన ఊరి ఎరువు. పంట బాగా రావాలన్న ఆశతో ఎవరికీ చెప్పలేదు. నువ్వు "ఇంకేం పీలుస్తోంది" అని అడిగిన క్షణమే నాకు తెలిసింది. ఎరువును తినే సూక్ష్మజీవులతో ఆ మట్టి మా నలుగురి కంటే ఎక్కువ పీలుస్తోంది. అది చెబితే తప్పు నాదని తెలుస్తుంది. అందుకే కిటికీ తెరవడం సులువనిపించింది.

సరే, నేను చెబుతాను. కానీ ఒక ప్రశ్న. నువ్వు నాకు చెప్పావు. నాకు చెప్పడం సులువు కదా? నేను అద్దాల వెనక ఉన్నాను. బొజ్జయ్య పెదనాన్న నీతో రోజూ ఒకే వంటశాలలో తింటాడు. ఆయనకు చెప్పావా?

నువ్వు చెబితేనే నేను చెబుతానని బేరం పెట్టడం లేదు. ఈ ఉత్తరం నీకు చేరేలోపే నేను చెప్పేస్తాను. కానీ నా ప్రశ్నకు జవాబు కావాలి.

శోభ


పొత్తుగూడెం,
ఆగస్టు 19.

బిడ్డా,

చెప్పాను.

నీ ఉత్తరం అందిన మర్నాడు పొద్దున, నీళ్ళ తొట్టి కడుగుతుంటే చెప్పాను. ఇద్దరమే ఉన్నాం. మొదలుపెట్టాక ఆపకుండా చివరిదాకా చెప్పాను. అతను బ్రష్షు పక్కన పెట్టి ఒక్కటే అడిగాడు.

"నీళ్ళు ఎంత లోతున్నయ్?"

"మోకాళ్ళ దాంక."

"గంతేనా" అన్నాడు. చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు.

అతను తిడితే పడదామనీ, కొడితే కొట్టించుకుందామనీ సిద్ధపడి పోయాను. ఆ ఒక్క మాటకు సిద్ధపడలేదు.

ఆ మధ్యాహ్నం అతని భార్య ఆదెమ్మ మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. "ఇరవై ఎనిమిదేండ్లు నేను ఆయన్ని తిట్టిన అన్నా. ఆడికి ఎందుకు పోయినవ్, నీకు చెప్తె సమజ్ గాదా అని. అన్నం పెట్టుకుంట తిట్టిన. గా తిట్లన్ని నేనిప్పుడు ఏడ పెట్టుకోవాలె?" అంది.  

ఆదివారం సభలో అందరి ముందూ మళ్ళీ చెప్పాను. నా వాటా ఊరికే వదిలేసి నేలకొండపల్లిలో మా తమ్ముడి దగ్గరికి పోతానన్నాను. అదే మర్యాద అనుకున్నాను. కొందరు తలలూపారు కూడా. అప్పుడు బొజ్జయ్య లేచాడు. తొట్టి దగ్గర మాట్లాడాక అతని గొంతు వినడం అదే మొదటిసారి.

"పోతనంటే నడ్వది. పోతే ఆయన సుఖపడ్తడు. ఈడనే ఉండాలె. రోజు నన్ను సూడాలె, నేను ఆయన్ని సూడాలె."

కూర్చున్నాడు. తర్వాత నీళ్ళ వంతుల కాగితం చదివాడు. అందులో నా పేరు దాని చోటనే ఉంది.

నాతో మాట్లాడడం లేదు. వంటశాలలో అటు తిరిగి కూర్చుంటాడు. అయినా ఉన్నాను. నీ సంగతి రాయి.

మామ


ఆవాసం,
ఆగస్టు 24.

మామయ్యకు,

నీ ఉత్తరం నిన్ననే అందింది. ఆదెమ్మ పెద్దమ్మ మాట దగ్గర ఆగిపోయాను. 

నేను ఆగస్టు పన్నెండున చెప్పాను. ఉదయం టిఫిను తర్వాత, నలుగురూ బల్ల దగ్గర ఉన్నప్పుడు. రాజు కుర్చీ వెనక్కి తోసి లేచాడు. అరవై రోజుల తన పనిని గంగలో కలిపానన్నాడు. నిజమే. అతను ఒక్క రబ్బరు పట్టీ నుంచి గాలి పోతోందని మూడు రాత్రులు నిద్ర మానుకున్న మనిషి. నేను తలుపులే తెరిచాను.

దీపిక మెల్లగా, "తలనొప్పి నాది. భరిస్తానో, బయటికి పోతానో నన్ను అడగాల్సింది. నా పేరు చెప్పుకుని నువ్వు కిటికీ తెరిచావు" అంది. రాజు కోపం కంటే ఆ మాటే ఎక్కువ తగిలింది.

జైరాం గారు కాగితం తెచ్చి, తేదీలూ గంటలూ రాయమన్నారు. రాశాక కేంద్రానికి పంపారు. రెండు రోజులు జవాబు లేదు. మొత్తం ఆపేస్తారనుకున్నాం. చివరికి నిర్ణయం మాకే వదిలారు. తలుపు తెరుచుకుని బయటికి రావచ్చు. లేదా జరిగింది జరిగినట్టు ప్రకటించి, కొత్త లెక్క మొదలుపెట్టి, అనుకున్న తేదీ దాకా ఉండొచ్చు. నన్ను ఒక్కదాన్నే బయటికి పంపే దారి కూడా ఉంది.

జైరాం గారు ఒక్కొక్కరినీ అడిగారు. దీపిక ఉంటానంది. నన్ను ఉంచమంది కూడా. "అంతరిక్షంలో తప్పు చేసినవాణ్ణి ఎక్కడికి పంపుతాం? ఇక్కడే తేల్చుకుందాం" అంది. రాజు గోడ వైపు చూస్తూ, సరేనన్నాడు. బొజ్జయ్య పెదనాన్న సభలో అన్నది మళ్ళీ మళ్ళీ చదివాను. ఇక్కడ చదువుకున్న నలుగురం రెండు రోజులు మాట్లాడుకుని చేరిన చోటికి ఆయన రెండు మాటల్లో చేరారు.

కొత్త లెక్క ఆగస్టు పద్దెనిమిదిన మొదలైంది. తోటలో మూడో వంతు మట్టి తవ్వి, ఆరబెట్టి, పీపాల్లో బిగించాం. ఆరిన మట్టి ఊపిరి పీల్చదు. గోంగూర మడి పోయింది. తిండి తగ్గింది, రోజూ రాగులు, చిలగడదుంప. మబ్బు రోజుల్లో బరువు పనులు మానేశాం, ఎండ ఉన్నప్పుడే చేస్తాం. కిటికీల తలుపులకు రాజు గంట కట్టాడు. నన్ను చూస్తూ కట్టాడు. నేను నిచ్చెన పట్టుకున్నాను.

అంకె ఇవాళ నాలుగు వేల నాలుగు వందలు. మెల్లగా దిగుతోంది. ఈసారి ఇది మా అంకె.

శోభ


పొత్తుగూడెం,
సెప్టెంబరు 21.

బిడ్డా,

నెల రోజులు రాయలేదు. రాయడానికి ఏమీ జరగలేదు. ఒకే చూరు కింద ఒకరితో ఒకరం మాట్లాడుకోకుండా నెల గడవడం ఏమీ జరగకపోవడమేనా అంటే చెప్పలేను. మొన్న గురువారం జరిగింది రాస్తున్నాను.

పొద్దున్నే బొజ్జయ్య తెల్ల చొక్కా వేసుకుని మా గుమ్మం ముందుకొచ్చాడు. "ఇల్లందు పోవాలె. తయారుగా" అన్నాడు. ఎందుకని అడగలేదు. ఏన్కూరు నుంచి బస్సులో పోయాం. పక్కపక్కనే కూర్చున్నాం. 

అతని కొడుకు వాసు ఇల్లందులోనే ఉంటాడు. అతనూ గని మనిషే, ఇప్పుడు గ్యాసు చూసే ఉద్యోగమే చేస్తున్నాడు. షిఫ్టు దిగి వచ్చి స్నానం చేసి కూర్చున్నాడు. శోభా, ఆ పిల్లవాడికి ఈ ఉద్యోగం వచ్చినప్పుడు పెద్ద అధికారి ఒకాయన, మీ నాయనలా చేయకు, చెప్పిన మాట విను అన్నాడట. వాడు తండ్రికి అప్పుడే చెప్పాడట. బొజ్జయ్య పదకొండేళ్ళుగా ఆ మాట మోస్తున్నాడు. నాకు తెలియదు.

"ఈయన నీకొక ముచ్చట చెప్తడు, ఇను" అని బొజ్జయ్య బయట అరుగు మీద కూర్చున్నాడు.

చెప్పాను. నోటితో మూడోసారి చెబుతున్నాను కదా, తేలికవుతుందనుకున్నాను. కాలేదు. వాసు అదే పని చేస్తున్నవాడు. నేను ఏం చేయలేదో వాడికి వివరంగా తెలుసు. మొగదల నిలబడి రాయడం అంటే ఏమిటో మనలో ఎవరికన్నా వాడికే ఎక్కువ తెలుసు. తల దించుకుని విన్నాడు. విన్నాక నా వైపు చూడకుండా లేచి బయటికి పోయి, తండ్రి పక్కన కూర్చున్నాడు. ఆయన ఎడమ చేయి తన ఒళ్ళోకి తీసుకున్నాడు. తండ్రీకొడుకులు ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. వినకూడదని లోపలే ఉన్నాను.

వాసు పట్టుబట్టి నా వాంగ్మూలం రాయించాడు. పాత విచారణ కాగితాల మీద ఇప్పుడు ఏం మారుతుందో తెలియదు. దాన్ని పట్టుకుని తిరుగుతానన్నాడు. సంతకం పెట్టాను. ఈసారి చూసిందే రాశాను.

తిరుగు బస్సులో బొజ్జయ్య కిటికీ పక్క సీటు తను తీసుకున్నాడు. తల్లాడ దారి మలుపు దగ్గర, "ఆకలైతున్నదా?" అన్నాడు. అవ్ అన్నాను. దిగాక మిర్చి బజ్జీలు తిన్నాం. అంతే.

ఇంకో పదిహేను రోజులే కదా నీకు. గట్టిగా ఉండు.

మామ


ఆవాసం,
సెప్టెంబరు 28.

మామయ్యకు,

నాలుగు కిలోలు తగ్గాను. దుస్తులు వదులయ్యాయి, మనసు మాత్రం సరిగ్గా అతికింది. ఎండ బాగా కాస్తోంది. నిన్న అంకె రెండు వేల ఎనిమిది వందలు.

కేంద్రం వాళ్ళు మా నివేదిక ముసాయిదా చూపించారు. నూట ఇరవై రోజులు గాలి బిగువుతో గడిపారని ఉండాల్సిన చోట, మొదట నలభై రెండు రోజులు, తర్వాత తలుపులు తెరిచారు, తర్వాత నలభై తొమ్మిది రోజులు అని ఉంటుంది. నా పేరూ, ఎరువు సంగతీ ఒక పేజీ నిండా ఉన్నాయి. ఆ పేజీ చదివిన జైరాం గారు, ఇకపై ఇలాంటి ఇల్లు కట్టేవాళ్ళు అన్నింటికన్నా ముందు ఇదే చదవాలన్నారు. రాబోయే బృందానికి మట్టి ఊపిరి కొలిచే పని నాకే ఇస్తామని కేంద్రం అంది. తప్పు చేసినదానికే ఎందుకని అడిగితే, ఇక ఆ తప్పు ఎలా మొదలవుతుందో మీకు తెలుసు కాబట్టి అన్నారు. ఒప్పుకున్నాను.

రాజు నిన్న నాతో మాట్లాడాడు. ఉప్పు అందించమన్నాడు. అందించాను. పెద్ద మాటేమీ కాదు గానీ, రాయాలనిపించింది.

మేం అక్టోబరు ఆరు ఉదయం పది గంటలకు బయటికి వస్తాం. నువ్వు వస్తావా?

శోభ


పొత్తుగూడెం,
అక్టోబరు 2.

బిడ్డ శోభారాణికి బొజ్జయ్య పెదనాయన రాసేది.

మీ మామకు మొన్న కంటి ఆపరేషన్ అయ్యింది. ఫికర్ జేసేది లేదు, దవాఖానాల మంచిగనే చూసిండ్రు. పది రోజులు రాయొద్దన్నరు, గందుకని నేను రాస్తున్న. కుడి చెయ్యి నాకు మంచిగనే ఉన్నది.

నీ ఉత్తరాలన్ని నాకు చదివి వినిపిచ్చిండు. నన్ను అడిగే చదివిండు. నువ్వు చేసింది, నువ్వు చెప్పింది, రెండు విన్న. నువ్వు ఇరవై రోజులల్ల చెప్పినవ్. ఆయనకు ఇరవై ఎనిమిదేండ్లు పట్టింది. నీకంటె ఆయన చెడ్డోడు అనను. నీకు అడిగేటోళ్ళు ఉండె. ఆయన్ని ఎవ్వరు అడగలే, నేను సుత అడగలే. అడుగుదమని నాకు తోచలే, తప్పు నాదే అనుకున్న.

ఆయన్ని మాఫ్ చేసిన్నా అని పున్నమ్మ అడుగుతది. లేదు. చేస్తనో లేదో నాకెరికలేదు. కొన్ని దినాలు పొద్దుగాల లేస్తె కోపం ఉంటది. కొన్ని దినాలు ఉండది. ఉన్న దినం దూరం కూసుంట, లేని దినం దగ్గెర కూసుంట. ఆదెమ్మ మాత్రం నన్ను తిట్టుడు బంద్ చేసింది. ఇల్లు సప్పుడు లేకుండ అయ్యింది. గదే నాకు అలవాటు కావాలె.

మీ అద్దాల ఇంట్ల ఒకల మొకం ఒకలు చూడక తప్పది అంటున్నవ్ గద. మా ఊరు గట్లనే బిడ్డా. ఈడికి వచ్చేటప్పుడు నేను ఒకటి అనుకున్న. ముసలితనంల తోడు ఉంటరని వచ్చిన. తోడు అంటె మంచిగ మాట్లాడుడు అనుకున్న. కాదు. నిజం చెప్పినంక సుత లేచి పోకుండ ఉండుడు.

ఆరో తారీఖు నేను బండి తీస్తున్న. ఒంటి చేత్తో బండేందని భయపడకు, పున్నమ్మ కొడుకు ఆటో ఉన్నది, వాడే నడుపుతడు. మీ మామ కంటికి పట్టీ ఉంటది, మెట్లు కనపడవు. నేను పట్టుకుంట. పది గంటలకు గేటు కాడ ఇద్దరం ఉంటం.

జల్దీ బయటికి రా.

బొజ్జయ్య